హార్స్‌షూ కాన్యన్ రాతి బొమ్మల దగ్గరికి ఒక్కరోజులో వెళ్ళిరావడం ఎలా

అమెరికాలోని యూటా ఎడారిలో రాతి గోడల మీద పాతకాలపు బొమ్మలు చాలాచోట్ల కనిపిస్తాయి. కొన్నింటికి నడవక్కర్లేదు కూడా, రోడ్డు పక్కన కారాపి చూసి రావచ్చు. కానీ చేతిలో ఒక్కరోజే ఉండి, కాళ్ళలో కాస్త సత్తువ ఉంటే నేను చెప్పేది హార్స్‌షూ కాన్యన్ అనే లోతైన రాతి లోయ. కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో భాగమే అయినా మిగతా పార్కుకి ఆనుకుని ఉండదు, 1971లో విడిగా తెచ్చి కలిపిన ముక్క. ఇందులో గ్రేట్ గ్యాలరీ అనే గోడ ఉంది. దాదాపు 200 అడుగుల పొడవునా నిలువెత్తు మనిషి బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏడడుగులు దాటుతుంది.

రానూపోనూ ఏడు మైళ్ళ నడక, అంటే పదకొండు కిలోమీటర్ల పైమాటే. ఎత్తులో తేడా 750 అడుగులు. వింటే ఏమంత కష్టం అనిపించదు. తిరకాసు ఎక్కడంటే, ఇక్కడ ముందు దిగుతారు, చివర్లో ఎక్కుతారు. కొండెక్కేటప్పుడు అలిసిపోతే సగంలో వెనక్కి దిగిపోవచ్చు. కాన్యన్‌లో ఆ వెసులుబాటు లేదు. పొద్దున చల్లగాలిలో హాయిగా దిగిపోయిన దారినే మధ్యాహ్నం ఎండలో, ఇసుకలో నడిచి నడిచి బరువెక్కిన కాళ్ళతో ఎక్కాలి. అందుకే ఈ రోజుని వెనక నుంచి లెక్క కట్టుకోవాలి. మట్టిరోడ్డు చీకటి పడేలోపు దాటాలంటే పైకి ఎన్నింటికి చేరాలి, అలా చేరాలంటే బొమ్మల దగ్గర నుంచి ఎన్నింటికి కదలాలి, అక్కడ కనీసం ఒక గంట కూర్చోవాలంటే పొద్దున ఎన్నింటికి దిగడం మొదలుపెట్టాలి. ఈ లెక్క సరిగ్గా వేసుకుంటే మిగతాదంతా తేలికే.

ఎప్పుడు వెళ్ళాలి

మార్చి ఆఖరు నుంచి మే మధ్య వరకు, మళ్ళీ సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు వరకు. నన్నడిగితే అక్టోబరే మంచిది. కాన్యన్ అడుగున పెరిగే కాటన్‌వుడ్ చెట్ల ఆకులు పసుపు తిరుగుతాయి, ఎర్ర గోడల పక్కన ఆ రంగు చూసి తీరాలి. కాకపోతే పొద్దు తొందరగా వాలిపోతుంది. అక్టోబరు చివరికి సాయంత్రం ఆరున్నర లోపే సూర్యాస్తమయం.

జూన్, జులై, ఆగస్టుల్లో ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, అంటే మన లెక్కలో 38 సెల్సియస్ పైన. పైగా జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడే కాలం. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా, ఎగువన ఎక్కడో కురిసిన వాన కాన్యన్‌లోకి వరదై వచ్చేస్తుంది. రాతి నేల నీళ్ళని పీల్చుకోదు, ఉన్నదంతా ఇరుకు దారిలోకి దొర్లుకొస్తుంది. ఎండాకాలంలో తప్ప కుదరదంటారా, ముందురోజు రాత్రే పైన ట్రెయిల్‌హెడ్ (నడక మొదలయ్యే చోటు) దగ్గర టెంట్ వేసుకుని, తెల్లారుతుండగానే దిగి, ఎండ ముదరకముందే పైకి వచ్చేయండి. కాన్యన్ లోపల రాత్రి బస చేయనివ్వరు, పైన అంచున మాత్రం చేయవచ్చు.

చలికాలంలో కూడా వెళ్ళేవాళ్ళున్నారు. నీడపట్టున రాతి మీద మంచు గడ్డకట్టి ఉంటే దిగేటప్పుడు జారుతుంది, అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

కారు, మట్టిరోడ్డు

ఈ ట్రిప్‌లో ఎక్కువమందికి నడక కన్నా రోడ్డే టెన్షన్ పెడుతుంది. మోయాబ్ ఊరి నుంచి ట్రెయిల్‌హెడ్‌కి రెండున్నర గంటలు, గ్రీన్ రివర్ ఊరి నుంచి గంటన్నర. ఇంటర్‌స్టేట్ 70 మీద గ్రీన్ రివర్ దాటాక 149వ ఎగ్జిట్‌లో దిగి, స్టేట్ హైవే 24 పట్టుకుని దక్షిణానికి పాతిక మైళ్ళు వెళ్ళాలి. కుడివైపు గాబ్లిన్ వ్యాలీ స్టేట్ పార్కుకి మలుపు వస్తుంది. అది దాటిన వెంటనే ఎడమవైపుకి మట్టిరోడ్డు విడిపోతుంది. అక్కణ్ణుంచి సుమారు 30 మైళ్ళు మట్టి, ఇసుక, కంకర. మధ్యలో ఒక చీలిక దగ్గర హాన్స్ ఫ్లాట్ రేంజర్ స్టేషన్‌కి (పార్కు సిబ్బంది ఉండే ఆఫీసు) ఒక దారి, హార్స్‌షూ కాన్యన్‌కి ఒక దారి చూపించే బోర్డు ఉంటుంది, అక్కడ ఎడమకి తిరగాలి. గ్రీన్ రివర్ నుంచి నేరుగా వచ్చే మట్టిరోడ్డు ఇంకొకటి ఉంది, 47 మైళ్ళు. దూరం తక్కువలే అని ఫోన్ మ్యాపు చూపించినా మొదటిసారి వెళ్ళేవాళ్ళు హైవే 24 దారినే ఎంచుకోండి.

నేల పొడిగా ఉంటే మామూలు కారు కూడా వెళ్ళిపోతుంది. కానీ గాలికి ఇసుక కొట్టుకొచ్చి రోడ్డు మీద చిన్న దిబ్బల్లా పేరుకుంటుంది కాబట్టి, ఎత్తుగా ఉండే బండి అయితే నిశ్చింత. ఇసుక ముద్ద కనిపించినప్పుడు దాని ముందు ఆగకండి, ఒకే వేగంతో సాగిపోండి. మధ్యలో ఆగితే చక్రాలు కూరుకుపోతాయి. వాన పడితే మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నమ్మకం లేదు, బంకమన్ను సబ్బులా జారుతుంది. ముందురోజు పార్కు వెబ్‌సైట్లో రోడ్డు పరిస్థితి చూడండి లేదా హాన్స్ ఫ్లాట్ స్టేషన్‌కి ఫోన్ చేసి అడగండి. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ ఆకస్మిక వరదల హెచ్చరిక కూడా ఒకసారి చూసుకోండి.

అద్దె కారైతే అగ్రిమెంటు చదవండి. మట్టిరోడ్ల మీద నడపకూడదని చాలావాటిలో రాసి ఉంటుంది. అలాంటి చోట బండి ఇరుక్కుంటే లాగించే ఖర్చు మొత్తం మీదే, అదీ హైవేకి ఇంత దూరంలో. మోయాబ్‌లో జీపులు అద్దెకి దొరుకుతాయి, నలుగురు కలిసి పంచుకుంటే అదే నయం.

పెట్రోలు గ్రీన్ రివర్‌లోనో హాంక్స్‌విల్‌లోనో ఫుల్లుగా కొట్టించాలి. తర్వాత బంకు లేదు. స్పేర్ టైరులో గాలి ఉందో లేదో బయల్దేరేముందే చూడండి. జాక్ ఎక్కడుందో, ఎలా బిగించాలో కూడా. ఒక పార, ఒక టార్చి లైటు డిక్కీలో ఉంటే మంచిది. ఈ మట్టిరోడ్డు చుట్టూ ఉన్న ప్రాంతాన్ని రాబర్స్ రూస్ట్ అంటారు. బుచ్ కాసిడీ లాంటి దొంగలు రైళ్ళూ బ్యాంకులూ కొట్టి వచ్చి ఇక్కడ దాక్కునేవాళ్ళు. పోలీసులు వెతుక్కుంటూ రావడానికి జంకిన చోటు ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఈ రోజుకీ పెద్దగా మారలేదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపు ముందే ఆఫ్‌లైన్లో దింపుకోండి, కాగితం మ్యాపు ఒకటి దగ్గరుంటే ఇంకా మంచిది.

ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళండి

ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. 2003 ఏప్రిల్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే పర్వతారోహకుడు ఈ హార్స్‌షూ కాన్యన్‌లోకే వచ్చి కలిసే బ్లూ జాన్ కాన్యన్‌లో ఒంటరిగా నడుస్తుండగా బండరాయి కదిలి అతని కుడి చెయ్యి గోడకీ రాయికీ మధ్య ఇరుక్కుపోయింది. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. 127 గంటల తర్వాత చెయ్యి తానే కోసుకుని బయటపడి, హార్స్‌షూ కాన్యన్‌లోకి నడుచుకుంటూ వస్తే, బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళు కనిపించి సాయం చేశారు. హెలికాప్టర్ వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. మీరు వెళ్ళే దారిలో అలాంటి ఇరుకు సందులేమీ లేవు, భయపడక్కర్లేదు. కానీ మడమ మెలిపడినా సరే, సిగ్నల్ లేని చోట అది పెద్ద సంగతే.

ఇంట్లోవాళ్ళకో స్నేహితుడికో ఒక మెసేజ్ పెట్టండి: ఏ ట్రెయిల్‌హెడ్, ఏ కారు, ఎన్నింటికి బయటికి వస్తాం, రాత్రి ఎన్నింటి వరకు కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ చివరి ముక్క చాలామంది మర్చిపోతారు. శాటిలైట్ మెసెంజర్ ఉంటే పట్టుకెళ్ళండి. కొత్త ఫోన్లలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలుంది, అది ఎలా వాడాలో సిగ్నల్ ఉన్నప్పుడే చూసి పెట్టుకోండి. కాన్యన్ గోడలు ఆకాశాన్ని సగం కప్పేస్తాయి కాబట్టి గోడకి దూరంగా, బయలులో నిలబడితేనే అది పనిచేసే అవకాశం ఎక్కువ.

నీళ్ళు, తిండి, కాళ్ళకి చెప్పులు కాదు బూట్లు

మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్ల దాకా. ట్రెయిల్‌హెడ్ దగ్గర నీళ్ళు లేవు, టాయిలెట్ మాత్రం ఉంది. కాన్యన్ అడుగున వాగు ఒక్కోసారి సన్నగా పారుతుంది, ఒక్కోసారి ఎండిపోయి ఉంటుంది. దాన్ని నమ్ముకోకండి. నాలుగు లీటర్లూ వీపున మోయడం బరువే, కానీ మోయాలి. దిగేటప్పుడు దాహం వేయదు కాబట్టి తాగడం మర్చిపోతారు, ఆ అప్పు ఎక్కేటప్పుడు వడ్డీతో తీర్చాల్సి వస్తుంది. గ్యాలరీ దగ్గరకి చేరేసరికి సగానికి కాస్త తక్కువ అయిపోయి ఉండాలి. కారులో విడిగా ఇంకో క్యాన్ ఉంచండి, పైకి వచ్చాక మీరే మెచ్చుకుంటారు.

ఉప్పున్న చిరుతిండి తప్పకుండా పెట్టుకోండి. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్ళే తాగుతూ పోవడం మంచిది కాదు. టోపీ, పొడుగు చేతుల పలుచటి చొక్కా, సన్‌స్క్రీన్. బూట్లు పాతవే వేసుకోండి, కొత్తవి వేసుకుని బొబ్బలు తెచ్చుకోవద్దు. కాన్యన్ అడుగంతా మెత్తటి ఇసుక, బూట్లలోకి దూరుతుంది. మధ్యలో ఒకసారి ఆగి విప్పి దులుపుకుంటే అరికాళ్ళు బతుకుతాయి.

వీటితోపాటు బైనాక్యులర్స్. ఇది అదనపు సరంజామా అనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. బొమ్మలు గోడ మీద ఎత్తులో ఉంటాయి, దగ్గరికి వెళ్ళనివ్వరు, వెళ్ళకూడదు. ఒంటి మీద గీసిన సన్నటి గీతలు కంటికి ఆనవు. ఒక లీటరు నీళ్ళకి బదులు కాదు గానీ, కెమెరా పెద్ద లెన్సుకి బదులు బైనాక్యులర్స్ పెట్టుకోమంటాను.

కుక్కని తీసుకెళ్ళాలనుకుంటే కుదరదు, కాన్యన్‌లోకి పెంపుడు జంతువులని రానివ్వరు. గుంపుగా వెళ్ళేవాళ్ళు ఇరవై మందికి మించకూడదు.

దిగడం

మోయాబ్ నుంచి వచ్చేవాళ్ళు పొద్దున ఐదున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికి ట్రెయిల్‌హెడ్ దగ్గరుంటారు. దిగే దారి 1920లలో చమురు వెతకడానికి వచ్చినవాళ్ళు రాతిని తొలిచి వేసిన పాత బండిబాట. చమురు దొరకలేదు, దారి మిగిలింది. తర్వాత ఇక్కడ పశువులని మేపినవాళ్ళు కింద నుంచి నీళ్ళు పైకి ఎక్కించడానికి పెట్టిన తొట్టి, ట్యాంకు దారిలో ఇప్పటికీ కనిపిస్తాయి.

బాట కొంతమేర ఇసుక, కొంతమేర నున్నటి రాతి చప్టా. రాతి మీద అడుగుజాడలు పడవు కాబట్టి చిన్న రాళ్ళు గుట్టగా పేర్చి గుర్తులు పెట్టారు. ఒక గుట్ట దగ్గర నిలబడి తర్వాతి గుట్ట కనిపించాకే కదలండి. సరదాకి మీరూ ఒకటి పేర్చకండి, వెనక వచ్చేవాళ్ళు దారి తప్పుతారు. మధ్యమధ్య వెనక్కి తిరిగి చూస్తూ దిగండి, తిరుగుదారి ఎలా కనిపిస్తుందో కళ్ళకి తెలియాలి.

సగం దారిలో నున్నటి రాతి మీద మూడు వేళ్ళ డైనోసార్ పాదముద్రలున్నాయి. వెతికితే దొరుకుతాయి, కొన్నిసార్లు ముందు వచ్చినవాళ్ళెవరో చుట్టూ రాళ్ళు పెట్టి ఉంచుతారు. వాలుగా పడే పొద్దుటి వెలుగులో గుంటల అంచులు తేలుతాయి, మిట్టమధ్యాహ్నం పక్కనే నడిచినా కనబడకపోవచ్చు. కాన్యన్ గోడల్లో ఎక్కువగా కనిపించే లేతరంగు రాయిని నవాహో ఇసుకరాయి అంటారు. జురాసిక్ కాలంలో ఇక్కడున్న ఎడారి ఇసుక దిబ్బలే గట్టిపడి ఇలా అయ్యాయి. గోడల్లో ఏటవాలుగా కనిపించే గీతలు ఆ దిబ్బల వాలులే.

బాట పక్కన నల్లగా, పొక్కుల్లా తేలిన మన్ను కనిపిస్తే దాని మీద కాలు పెట్టకండి. చూడ్డానికి ఎండిన బురదలా ఉంటుంది గానీ ప్రాణమున్న నేల అది. సయానోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకని పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగుకి నలిగిపోతే మళ్ళీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బాట మీదో, వాగు ఇసుకలోనో, రాతి మీదో నడిస్తే ఇబ్బంది లేదు.

అడుగున: ముందు మూడు గ్యాలరీలు

కిందికి దిగాక కుడికి తిరగాలి, అంటే వాగుకి ఎదురు, ఎగువవైపు. ఎడమకి పోతే వాగు గ్రీన్ నది వైపు పోతుంది, అక్కడ మీకేం పని లేదు. చెట్ల మధ్య నుంచి, వాగు ఇసుకలోంచి అడ్డదిడ్డంగా బాట సాగుతుంది. ఎక్కడైనా తప్పిపోయినట్టు అనిపించినా కంగారు పడక్కర్లేదు, రెండు గోడల మధ్యే ఉంటారు.

మొదట ఎడమవైపు గోడ మీద హై గ్యాలరీ. పేరుకి తగ్గట్టే బాగా ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తుకి చెయ్యెలా అందిందా అనిపిస్తుంది. వాళ్ళు గీసినప్పుడు కాన్యన్ నేల ఇంకా ఎత్తుగా ఉండి, తర్వాత వాగు కోసుకుపోయి ఉండొచ్చు. కాసేపట్లోనే ఎదుటి గోడ మీద హార్స్‌షూ గ్యాలరీ, ఇది నేలకి దగ్గరగా ఉంటుంది. బొమ్మల ఒళ్ళంతా పరిశీలనగా చూడ్డానికి ఇక్కడే అలవాటు చేసుకోండి. మూడోది ఆల్కోవ్, గోడని చెంచాతో తీసినట్టున్న పెద్ద గుహలాంటి నీడ. చోటు అద్భుతంగా ఉంటుంది, బొమ్మలు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. మనుషులు చెక్కిన పేర్లూ కనిపిస్తాయి. ఎక్కువసేపు ఆగకండి, టైమంతా చివరిదానికి దాచుకోవాలి.

గ్రేట్ గ్యాలరీ దగ్గర

పది, పదిన్నర మధ్య చేరుకుంటారు. దూరం నుంచే కనిపిస్తుంది, గోడ మీద ముదురు ఎరుపులో నిలబడ్డ మనుషులు. చేరగానే ఫోన్ తీయకుండా ముందు కూర్చోండి. నీళ్ళు తాగండి, బూట్లలో ఇసుక దులపండి. ఎండలోంచి వచ్చిన కళ్ళు సర్దుకునే కొద్దీ, మొదట చూసినప్పుడు కనబడని బొమ్మలు ఒక్కొక్కటే తేలతాయి.

తర్వాత ఒక పద్ధతిలో చూడండి. ముందు మొత్తం వరస ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఒకసారి. భుజాలు వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నబడే ఒళ్ళు, చాలావాటికి చేతుల్లేవు, కాళ్ళు లేవు. కొన్నింటికి పెద్ద గుండ్రటి కళ్ళు, కొన్నింటికి ముఖమే లేదు. ఈ శైలికి ఈ కాన్యన్ పాత పేరు మీదే బారియర్ కాన్యన్ శైలి అని పేరు పెట్టారు. యూటాలో ఇంకా చాలాచోట్ల ఈ తరహా బొమ్మలున్నాయి, ఇంత పెద్ద వరస వేరే చోట లేదు.

అప్పుడు బైనాక్యులర్స్ తీసి ఒకే ఒక్క బొమ్మని పట్టుకోండి. ఒంటి నిండా ఎరుపు పూసింది అనుకున్నది, దగ్గరగా చూస్తే నిలువు గీతలు, చుక్కలు, అడ్డపట్టీలుగా విడిపోతుంది. కొన్నిచోట్ల రంగు వేశాక మొనదేలిన దానితో గీకి సన్నటి గీతలు తీశారు. పెద్ద బొమ్మల చుట్టుపక్కల, అరచేతిలో పట్టేంత చిన్నగా, వంపు కొమ్ముల బిగ్‌హార్న్ గొర్రెలున్నాయి. ఏడడుగుల మనిషిని గీసిన చోటే ఇంత చిన్న జంతువుకి కాళ్ళూ కొమ్ములూ అంత పొందిగ్గా ఎలా గీశారో అర్థం కాదు. ఎరుపు రంగు ఇనుము ఉన్న రాతిని నూరి చేసింది. హోలీ గోస్ట్ అని ఈ మధ్యకాలంలో పేరు పడిన పెద్ద బొమ్మ మిగతావాటిలా నిండుగా పూసినట్టుండదు, రంగుని చిమ్మినట్టు, అంచులు మసకగా ఉంటాయి. అందువల్లే అది గోడలోంచి ముందుకి వస్తున్నట్టుంటుంది.

వయసు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. క్రీస్తు పూర్వం 2000 నుంచి క్రీస్తు శకం 500 మధ్య గీసి ఉంటారని చాలాకాలం అనుకున్నారు. రంగులో నేరుగా పరీక్ష చేయడానికి సరిపడా సేంద్రియ పదార్థం దొరకదు. అందుకని యూటా స్టేట్ యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్తలు గోడనే చదివారు. బొమ్మలున్న గోడలోంచి కొంత పెచ్చు ఊడి కింద పడింది, ఆ రాయి కింద ఇరుక్కున్న ఇసుక చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కొలిచే పద్ధతి ఉంది. బొమ్మ గీశాకే కదా ఆ పెచ్చు ఊడింది. గోడ ముందు వాగు మేట వేసిన మట్టి వయసుని కూడా జతచేసి, ఈ బొమ్మలు క్రీస్తు శకం 1 నుంచి 1100 మధ్యవి అని 2014లో ప్రచురించారు. అందరూ ఒప్పుకున్నారని కాదు. మీరు గోడ కింద పడున్న బండలని మామూలు రాళ్ళనుకుని దాటిపోకండి, ఆ కథలో వాటికీ భాగం ఉంది.

ఫోటోలకి ఒక చిట్కా. సూటిగా ఎండ పడుతున్నప్పుడు రంగు వెలిసినట్టు వస్తుంది, గోడంతా నీడలో ఉన్నప్పుడు ముదురుగా వస్తుంది. సగం ఎండ సగం నీడ అయితే కెమెరాకి ఏదీ అందదు, కాసేపు ఆగడమే మార్గం. ఇంటికొచ్చాక డీస్ట్రెచ్ అనే సాధనంతో ఫోటోని మార్చి చూడండి. రాతి బొమ్మల కోసమే జాన్ హార్మన్ చేసినది, ఫోన్ యాప్‌గా కూడా ఉంది. కంటికి మరకలా కనిపించిన చోట చెరిగిపోయిన బొమ్మలు బయటపడతాయి. ట్రిప్ అయిపోయాక ఇంకో ట్రిప్ అంత కాలక్షేపం.

1940లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద పనిచేసిన చిత్రకారులు ఈ గోడని చూసి కాన్వాస్ మీద దించారు, 1941లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకి పెట్టారు. ఇప్పటి రోడ్డుకే మనం ఇంత చెప్పుకుంటున్నాం, అప్పుడు ఆ సరంజామాతో ఎలా దిగారో.

గోడ దగ్గర చేయకూడనివి

ముట్టుకోకండి. వేలికుండే జిడ్డు రాతికి అంటుకుంటే పోదు. రంగు బాగా కనబడాలని నీళ్ళు చల్లడం, అంచుల వెంట సుద్దతో గీయడం, కాగితం పెట్టి రుద్దడం, ఇవేవీ వద్దు. కంచె, గొలుసు ఏది ఉంటే దాని ఇవతలే ఆగండి, లేని చోట కూడా గోడ కింద దాకా పోకండి. ఇసుక నేల మీద పదిమంది అటూ ఇటూ తిరిగితే లేచే దుమ్ము వెళ్ళి ఆ బొమ్మల మీదే పేరుకుంటుంది. పిల్లలు పరుగెత్తకుండా చూసుకోమని అందుకే అంటారు.

రాతి పెచ్చు, బాణం మొన, మట్టిపాత్ర ముక్క ఏది కనిపించినా ఫోటో తీసి అక్కడే వదిలేయండి. 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం కింద మొదటి నేరానికే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. నష్టం ఎక్కువైతే అది ఇంకా పెరుగుతుంది. చట్టం ఒక ఎత్తు. యూట్, హోపీ, జూనీ, నవాహో లాంటి జాతులవాళ్ళు ఈ ప్రాంతపు చోట్లని తమ పెద్దలవిగా చూస్తారు. మ్యూజియంలో కన్నా గుళ్ళో ఎలా మసలుతామో అలా ఉంటే సరిపోతుంది. బ్లూటూత్ స్పీకరు మాత్రం దయచేసి కారులోనే వదిలేయండి.

తిరుగుదారి

పదకొండున్నరకి, మహా అయితే పన్నెండింటికి గోడ దగ్గర నుంచి లేవండి. ఇంకో పది నిమిషాలు అనిపిస్తుంది, అందుకే ఫోన్లో అలారం పెట్టుకోమంటాను. ఎక్కే చోటు దాకా ఇసుకలో గంటన్నర. వచ్చేటప్పుడు ఎడమవైపు ఎక్కే బాట ఎక్కడ మొదలవుతుందో జాగ్రత్తగా చూసుకోండి, కబుర్లలో పడి దాటి ముందుకి పోయేవాళ్ళున్నారు. పొద్దున వెనక్కి తిరిగి చూసుకోమన్నది ఇందుకే.

ఎక్కడానికి ముందు ఆఖరి నీడలో పదిహేను నిమిషాలు కూర్చుని తినండి. టోపీ, చొక్కా కాలరు కాస్త తడుపుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. తర్వాత మెల్లగా, మాట్లాడుతూ ఎక్కగలిగే వేగంతోనే ఎక్కండి. మాట ఆగిపోయి రొప్పు వస్తోందంటే వేగం ఎక్కువైందని. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి. ఎవరికైనా తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, చెమట పట్టినా ఒళ్ళు చలిగా అనిపించడం లాంటివి ఉంటే అక్కడే నీడ చూసి ఆపేయాలి. పొద్దు చల్లబడ్డాక ఎక్కినా పోయేదేం లేదు, ఇంట్లో చెప్పే టైముకి మూడు నాలుగు గంటలు అదనంగా చేర్చి చెప్పండి, అది ఇలాంటి వాటి కోసమే. టార్చి సంచీలో ఉండాలి, కారు డిక్కీలో ఉన్నది ఇక్కడ పనికిరాదు.

రెండున్నర, మూడింటికి పైకి వచ్చేస్తారు. మట్టిరోడ్డు మీద పొద్దువాలే వేళ పశువులు అడ్డం వస్తాయి, అక్కడ కంచెలుండవు. హైవే ఎక్కాక, సిగ్నల్ రాగానే మెసేజ్ పెట్టాల్సినవాళ్ళకి పెట్టండి.

రోడ్డు పాడైందంటే

వెళ్ళేరోజు వాన పడిందంటే మొండిగా ఆ మట్టిలోకి దిగకండి. గాబ్లిన్ వ్యాలీకి పోయే టెంపుల్ మౌంటెన్ రోడ్డు మీద, అదే బారియర్ కాన్యన్ శైలిలో గీసిన చిన్న గోడ ఒకటి దారి పక్కనే ఉంది. లేదా ఇంటర్‌స్టేట్ 70 మీద 187వ ఎగ్జిట్‌లో దిగి థాంప్సన్ స్ప్రింగ్స్ దాటి సీగో కాన్యన్‌కి వెళ్ళండి. అక్కడ బారియర్ కాన్యన్ శైలి, పాతకాలపు ఫ్రీమాంట్ జాతివాళ్ళు గీసినవి, తర్వాతి కాలపు యూట్ బొమ్మలు, మూడూ పక్కపక్క గోడల మీదే కనిపిస్తాయి. యూట్ బొమ్మల్లో గుర్రాలుంటాయి. స్పెయిన్ వాళ్ళు వచ్చాకే ఇక్కడికి గుర్రాలు వచ్చాయి కాబట్టి అవి ఏ కాలానివో ఇట్టే తెలిసిపోతుంది. ఇంకాస్త ఓపికుంటే శాన్ రఫయెల్ స్వెల్ అనే రాతి కొండల ప్రాంతంలో బక్‌హార్న్ వాష్ గోడ. పేర్లు చెక్కి పాడుచేసిన ఆ గోడని యూటా రాష్ట్ర శతాబ్ది సందర్భంగా, 1990లలో, నిపుణులు శుభ్రం చేశారు.

ఇలా తిరుగుతూ బోర్డు లేని చోట ఎక్కడైనా చిన్న బొమ్మ మీ కంట పడితే ఫోటో పెట్టుకోండి గానీ లొకేషన్ పెట్టకండి, ఫోటోలో దాగి ఉండే జీపీఎస్ వివరం కూడా తీసేయండి. హార్స్‌షూ కాన్యన్ అందరికీ తెలిసిన చోటు, రేంజర్లు చూసుకుంటారు. ఆ చిన్న గోడకి కాపలా ఎవరూ లేరు.